ఆ ముక్క మా దగ్గరే ఉంది లెండి

అమ్మకి బీపీ బిళ్ళలు ఆరు కావలసి వచ్చాయి. మందుల షాపు కుర్రాడు పది బిళ్ళల షీటు తీసి, జాకెట్టు గుడ్డ కోసినంత సునాయాసంగా కత్తెర ఆడించాడు. నా వాటా ముక్క తిప్పి చూశాను. మందు పేరు సగం, కంపెనీ ఊరు పావు. గడువు తేదీ మాత్రం లేదు. అడిగితే నన్నే ఊరడించాడు: "కంగారు పడకండి సార్, ఆ ముక్క మా దగ్గరే ఉంది లెండి."

అసలు షీటు మీద రాసింది మనకోసం అనుకోవడమే మన అమాయకత్వం. 'డాక్టరు చీటీ లేనిదే చిల్లరగా అమ్మరాదు' అన్న హెచ్చరిక ఎవరికి? అమ్మేవాడికి. లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఇన్‌స్పెక్టరుకి. మన పాలిట పడింది ఎమ్మార్పీ ఒక్కటే. ఇక మోతాదు దగ్గర 'డాక్టరు చెప్పినట్టు' అని ఉంటుంది. డాక్టరుగారేమో "షాపులో చెప్తార్లే" అంటారు.

షాపులో చెప్పే పద్ధతి కూడా చూశాను. నా పక్కనున్న ముసలాయన కవరు మీద కుర్రాడు బాల్‌పెన్నుతో 1-0-1 అని గీకి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని దూరంగా పట్టుకుని చూసి, పంచె మొలలోంచి వంద నోటు తీసి, చిల్లర రూపాయి కోసం వెతుక్కుంటున్నాడు. "నూటొకటి బిల్లు కాదు తాతా, పొద్దున్నొకటి, రాత్రొకటి!" అని కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం ఫార్మసిస్టు రోగికి మందు ఎలా వాడాలో విడమరిచి చెప్పాలి. ఆ రోజుకి విడమరచడం అంటే అదే.

సర్కారు ఊరుకుందా అంటే, లేదు. 2014 మార్చి నుంచి 46 మందుల మీద ఎర్ర గళ్ళు కట్టించింది, అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో రాయమంది. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడో బార్‌కోడో వేయించింది. దాన్ని ఫోనుకు చూపిస్తే ఏం వస్తుంది? మళ్ళీ అదే బ్యాచి నంబరు, అదే లైసెన్సు నంబరు! పరగడుపునా, తిన్నాకా అన్నది అందులోనూ లేదు. మీట నొక్కే ఫోనున్న తాతకి ఆ పాటి నష్టం కూడా లేదనుకోండి.

మా బావమరిది అమెరికా నుంచి వచ్చినప్పుడు ఒక నారింజరంగు సీసా తెచ్చుకున్నాడు. దాని మీద వాడి పేరు, ఎన్ని వేసుకోవాలో, మగతొస్తుంది బండి నడపొద్దని ఒక స్టిక్కరు. మా ఇంట్లో సీసా మీద పేరుండేది ఊరగాయలకే.

ఇదంతా చెప్పి, కనీసం కవరు మీదైనా రెండు ముక్కలు తెలుగులో అచ్చు వేయించకూడదా అని షాపు యజమానిని అడిగాను. ముందు చోటు చాలదన్నాడు. కవరుకి ఒక పక్కంతా షాపు పేరు, రెండో పక్కంతా వాళ్ళ బంధువుల రియల్ ఎస్టేటు ప్రకటన. నిజంగానే చోటు లేదు. తర్వాత అసలు మాట చెప్పాడు.

"అన్నీ రాసిచ్చేస్తే ఇంక మేమెందుకు సార్? చెప్పడానికి ఫార్మసిస్టు ఉండాలని కదా చట్టం!"

ఆ ఫార్మసిస్టు ఎక్కడ అన్నాను. గోడ మీది ఫ్రేము వైపు గడ్డం ఎగరేశాడు. సర్టిఫికెట్టులోని ఫొటోకి మొన్నటి పండగ దండ ఇంకా వేలాడుతూనే ఉంది.