మీటరు పట్టిన మేధావి

సూళ్లూరుపేటలో కాపురముంటే ఒక జబ్బు అంటుకుంటుంది. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో రాకెట్ లేచి మన కిటికీలు గడగడలాడిన ప్రతిసారీ, అందులో మన చెయ్యి కూడా ఉందనిపిస్తుంది. నేను చదివింది బీకాం. అయితేనేం, షార్ గాలి పీల్చినవాణ్ణి! మా కరెంటు స్కూటరుకు మెకానిక్ ఎందుకనుకున్నాను.

దాన్లో నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఒక్కోటి 12 వోల్టులు, వరసగా కలిపితే 48. బావమరిదిని వెనకెక్కించుకుని పులికాట్ రోడ్డు మీద ఫ్లెమింగోల గురించి ఉపన్యాసం దంచుతుంటే, అటకానితిప్ప రాకముందే బండి నీరసించి ఆగింది. కాసేపు విశ్రాంతిస్తే కదిలింది. గట్టిగా తిప్పితే మళ్లీ పడుకుంది.

"ఏంది బావా, కౌంట్‌డౌన్ ఆగిందా?" అన్నాడు.

పరువు దక్కించుకోవాలి కదా. "1979 ఆగస్టు 10న ఇక్కడే ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది, తెలుసా? అంత రాకెట్టూ! రెండో దశలో ఒక్క వాల్వు మొరాయించి యాసిడ్ కారిపోయింది, అంతే. మరుసటేడు జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలా?" అన్నాను. 'ఒక్క వాల్వు' అన్నది నా నోరే. నా చెవులకే ఎక్కలేదు.

ఇంటికొచ్చి మీటరు పెడితే నాలుగూ 12.6 చూపించాయి. "బ్యాటరీలు బంగారం" అని తీర్పు చెప్పేశాను. ఇక చూడండి నా ప్రతాపం. చార్జరు మార్చాను, బండి ఆగింది. టైర్లకు గాలి కొట్టించాను, ఆగింది. కొత్త కంట్రోలరు వేయించాను, ఇంకా దర్జాగా ఆగింది. మా ఆవిడ బరువు మీద అనుమానం వెలిబుచ్చాను, ఆ పూట అన్నం ఆగింది.

ఒకసారి తీర్పిచ్చాక మళ్లీ ఆ కేసు తెరవాలంటే ఎంత నామోషీయో మీకు మాత్రం తెలీదా? మాట నెగ్గించుకోవడానికి డబ్బు తగలేసినవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు.

చివరికి మెకానిక్ కుర్రాడు వచ్చాడు. మీటరు తీగల్ని ఒక్కో బ్యాటరీకి మార్చి మార్చి తగిలిస్తూ, నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఎత్తురోడ్డు ఎక్కించాడు. మీటరు చూసే పని నాది. మూడు బ్యాటరీలు 12కి కాస్త అటూ ఇటూగా నిలబడ్డాయి. నాలుగోది జర్రున 9కి జారింది. బండి ఆపగానే, ఏమీ ఎరగనట్టు మళ్లీ 12 పైకెక్కి కూర్చుంది!

"ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ బాగానే చూపిస్తాయన్నా. లోడు పడితేనే బండారం బయటపడేది. వరసలో ఒకటి చేతులెత్తేస్తే మిగతా మూడూ ఉండీ దండగే" అన్నాడు. సరికొత్తది వేస్తే పాతవాటితో జత కుదరదని, అంతే వాడకమైన అదే రకం బ్యాటరీ వెతికి తెచ్చి బిగించాడు.

బావమరిది గుమ్మంలోనే ఉన్నాడు. "ఒక్క వాల్వు, బావా!"

ఇప్పుడు మా వీధిలో ఏ బండి మూలిగినా ముందు నేనే మీటరుతో బయల్దేరతాను. "లోడు మీద చూడాలండీ, లోడు మీద!" అంటాను గంభీరంగా. మీరు మనవాళ్లు కాబట్టి ఇదంతా చెప్పాను. మా వీధికి వస్తే మాత్రం ఆ కుర్రాడి ఊసెత్తకండి.