మిరుగు మాట తప్పిన తర్వాత

మా రోజుల్లో మిరుగు (మృగశిర కార్తె) వచ్చిందంటే నాగళ్లు కదిలేవి. జనగామ చెల్కల్లో జొన్న, కంది, పెసర కలిపి వేసేవాళ్లం. వాన వెనకాముందు కావడం అప్పుడూ ఉంది, కరువూ ఉంది. అయితే పెసర పోయినా కంది నిలిచేది, ఏదో ఒకటి ఇంటికి చేరేది. ఇప్పుడు ఎటు చూసినా పత్తి, నీళ్లున్నచోట వరి. ఒక్క వాన పడగానే పత్తి గింజ పెడతారు. ఆపైన రెండు వారాలు చినుకుండదు. మొలక మాడిపోతుంది, మళ్లీ గింజలు కొనాలి. ఆ రెండోసారి ఖర్చు ఏ దిగుబడి లెక్కలోనూ కనిపించదు.

నా కోపమంతా ఇక్కడే. వాతావరణం మారి పంట తగ్గిందా అని అడిగితే, ఎకరం దిగుబడి పెరిగింది కదా అంటారు. పెరిగింది, కాదనను. దేవాదుల ఎత్తిపోతల నీళ్లొచ్చాయి, కరెంటొచ్చింది, తొందరగా కోతకొచ్చే తెలంగాణ సోనా వరి వచ్చింది. ఇవన్నీ కలిసి పెంచిన పంటలోంచి ఎండ ఎంత తినేసిందో ఎవరు విడదీసి చూశారు? పాత లెక్కలతో పోల్చుదామంటే 2016 అక్టోబర్ 11న మా వరంగల్ జిల్లానే ముక్కలైంది. ఖమ్మం నుంచి గార్ల, బయ్యారం వచ్చి మహబూబాబాద్‌లో కలిశాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. ఇక ఏ జిల్లాను ఏ జిల్లాతో పోల్చాలి?

సగటు అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. 2023 మార్చిలో వడగండ్లకు పంటలు నేలపాలైతే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మహబూబాబాద్ జిల్లా రెడ్డికుంట తండాకు వచ్చారు, ఆ పర్యటనలో ఎకరాకు 10 వేల రూపాయలు ప్రకటించారు. ఏడాది తిరిగాక, 2024 మార్చి 31న, అదే మనిషి మాజీ ముఖ్యమంత్రిగా జనగామ జిల్లా ధరావత్ తండాలో ఎండిన వరి చూశారు. ఆ రెంటి మధ్య, 2023 జులై 27 ఉదయానికి, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 616 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. పట్టాలే నిలవనిచోట పొలం మట్టి నిలుస్తుందా? ఇవన్నీ కూడి భాగిస్తే వచ్చే సగటు వానలో ఒక్క మడి కూడా పండదు.

తేల్చి చెప్పడం తేలిక కాదని నాకూ తెలుసు. రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే వరి 10 శాతం తగ్గిందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు చూసి శాస్త్రవేత్తలు 2004లో రాశారు. అంతా వేడిదే కాదని తర్వాత వేరేవాళ్లు వాదించారు. 2021-22లో నల్ల తామర పురుగు మహబూబాబాద్ మిరప తోటల్ని తినేసింది. బయటి దేశం నుంచి వచ్చిన పురుగది. దాన్ని వాతావరణం ఖాతాలో ఎంత రాయాలి? శాస్త్రవేత్తలు తడబడితే తప్పుపట్టను. కానీ యాసంగి వరి పూత మీద ఉండగా ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి కంకి తాలు పోతుందన్నది తెలిసిన సంగతే. ఆ తాలును ఊరూరా తూచి రాసేవాళ్లే లేరు.

దిగుబడి లెక్కకు పంట కోత ప్రయోగమని 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మడి కోసి తూస్తారు. మొలక దశలోనే దున్నేసిన చేను అందులోకి రాదు. కేంద్రం పంట బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లోనే బయటికొచ్చింది, ఆ తర్వాత ఆ నష్టం బీమా లెక్కలోకీ ఎక్కలేదు. అందుకే ఊరికో వానకొలత పెట్టమంటున్నాను. ఎప్పుడు విత్తారు, ఎన్నిసార్లు విత్తారు, కోసింది ఎంత, అమ్మింది ఎంత, ఈ నాలుగూ వేరువేరుగా రాయండి. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వానకు ఈ వైపు కల్లాల్లో ఆరబోసిన వడ్లు కొట్టుకుపోయాయి. కోత అయిపోయింది కాబట్టి కాగితంలో అవీ దిగుబడే.