ఆరు గడులు

బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆటలో కత్తి పట్టకముందే మనిషిని తయారు చేసుకోవాలి. ఆడా మగా, ఏ జాతి, ఏ వృత్తి, ధర్మం వైపా అధర్మం వైపా, ఒక్కొక్కటే ఎంచుకుంటూ పోవాలి. అన్నిట్లోకీ కీలకమైంది ఆరు అంకెల ఘట్టం. బలం, చురుకు, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, నలుగురినీ తన వైపు తిప్పుకునే మాట నేర్పు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను అచ్చు వేసిన నాటి పద్ధతి ఇది. అప్పుడు మూడు పాచికలు వేసి, ఒక్కో గుణానికి 3 నుంచి 18 దాకా ఏది పడితే అది కాగితం మీద రాసుకునేవారు. 1998లో కెనడా వాళ్ల బయోవేర్ సంస్థ తెచ్చిన బాల్డర్స్ గేట్‌లో ఆ పాచికలు కంప్యూటరే వేసి పెడుతుంది. పడ్డ అంకెల్ని మనం ఒక గడిలోంచి తీసి ఇంకో గడిలో వేసుకోవచ్చు. ఒక చోట తీయనిదే ఇంకో చోట పడదు.

తర్వాత ఎన్ని ఆటలు వచ్చినా, బొమ్మలు ఎంత బాగుపడినా, ఈ ఒక్క తెర ముందు ఆలోచించినంతగా నేను మరే యుద్ధం ముందూ ఆలోచించలేదు. మాంత్రికుడికి తెలివి 18 పెట్టి ఒంటిని వదిలేస్తే మొదటి తోడేలు కాటుకే కథ ముగుస్తుంది. అన్నీ సమానంగా పంచితే ఎందుకూ కొరగాని మనిషి తయారవుతాడు. అందుకే ఆడేవాళ్లలో ఒక పాత అలవాటు ఉంది. తమకు పనికిరాదనుకున్న గుణాన్ని అట్టడుగుకు దించి, ఆ మిగులంతా కావలసిన దాంట్లో పోస్తారు.

పాలమూరులో మా ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్. ఈ ఆటకు అది చాలు. వెనక సందులోని హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లవాడు ఆదివారాలు వచ్చి ఆడుకునేవాడు. వాళ్లది కోస్గి దగ్గర పల్లె. తాత నాగార్జునసాగర్‌కు రాళ్లు మోసినవాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ ఆనకట్ట రాతి కట్టడం. మనుషులు రాయి మీద రాయి చేర్చి లేపింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలితే నల్గొండకు పారాయి, గుంటూరుకు పారాయి, పాలమూరు కూలీల ఊళ్లకు రాలేదు. కొడుకుల కాలానికి పని బొంబాయికీ పుణెకూ మారింది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఆలుమగలు బస్సెక్కుతారు, ముసలివాళ్లూ పిల్లలూ ఊళ్లో ఉంటారు. ఈ పిల్లవాడి తల్లిదండ్రులూ అట్లా పోయినవాళ్లే.

దసరాకు వాళ్లు పుణె నుంచి వచ్చారు. తల్లి నేరుగా ఊరికి పోయింది. కొడుకును వెంటబెట్టుకుని పోదామని తండ్రి హాస్టల్‌కు వెళ్లి, అక్కడ లేడంటే మా ఇంటికి వచ్చాడు. కూర్చో అన్నా అంటే కూర్చోకుండా కొడుకు వెనకే నిలబడ్డాడు. పిల్లవాడు మంచి హుషారు మీద ఉన్నాడు.

"నాయినా, నా వీరుడు. బలం 18, చురుకు 18, ఒంటి గట్టిదనం 18."

"18 అంటే?"

"మొదట్ల మనిషన్నోనికి అంతకు మించి ఉండదు."

"ఎంత మోస్తడు?"

"గుంపుల అందరికన్న ఎక్కువ మోస్తడు. ఎంత దెబ్బ తగిలినా పడిపోడు."

ఆయన మొహం విప్పారింది. తర్వాత కింది మూడు గడుల మీద వేలు పెట్టాడు. తెలివి 9, వివేకం 7, మాట నేర్పు 6.

"ఇవెందుకు గింత తక్కువున్నయ్?"

"అవి తీసి పైన ఏసిన నాయినా. కొట్లాడేటోనికి అవి అక్కర్లేదు."

"ఎవరన్న కాయితం చేతికిస్తే?"

"మంత్రాల కాయితమైతే చదవరాదు. దొరికిన వస్తువు ఏందో కూడ పోల్చుకోలేడు. దుకాణంల పైసలిచ్చి చెప్పించుకోవాలె."

"బేరం?"

"మాట నేర్పున్నోనికి ధర తగ్గిస్తరు. వీనికి తగ్గియ్యరు. అందుకే గుంపుల ఇంకొకన్ని ముందట పెడ్త. మాట్లాడేదంత వాడే మాట్లాడుతడు. కొట్లాట వచ్చినప్పుడు వీడు ముందటికొస్తడు."

"మేస్త్రీ లెక్క," అన్నాడాయన.

"ఆ, గట్లనే!" పిల్లవాడు నవ్వాడు.

ఆయన నా వైపు తిరిగాడు. "పని చేసుకుంట పోతే ఈ కింది అంకెలు పెరుగుతయా సార్?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చేసిన పనిని బట్టి లెవెల్ పెరుగుతుంది. కత్తి దెబ్బ సూటిగా పడుతుంది, ఇంకా ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటాడు. తెలివి అంకె మాత్రం దానంతట అది కదలదు. ఆటలో అరుదుగా దొరికే పుస్తకం ఒకటుంది. అది చదివితే ఒక్క అంకె పెరుగుతుంది.

"పుస్తకం," అని తల ఊపి, ఆయన సంచి భుజానికెత్తుకున్నాడు.

ఆ ఆటలో పేరు పెట్టడం ఆఖరి పని. పిల్లవాడు బాహుబలి అని కొట్టి చెరిపేశాడు. మహాభారతంలో వీరుల పేర్లు కొట్టాడు, అవీ చెరిపేశాడు. బస్సుకు ఆలస్యమవుతోందని తండ్రి గడపలోంచి పిలిచాడు.

"ఒక్క నిమిషం నాయినా, వీనికి సరైన పేరు దొరుకుత లేదు."

"నా పేరు పెట్టు బిడ్డా. అంకెలన్ని నావే."