‘గో వెర్షన్’ అను రెండు పదములకు టీకా తాత్పర్యము

మూలము: గో వెర్షన్.

టీక: గో = ఓ గో ప్రోగ్రామింగ్ భాషా పనిముట్టా; వెర్షన్ = నీ కూర్పు సంఖ్య ఏదో; చెప్పుము అని అధ్యాహారము. ఆకాంక్ష తీరింది, యోగ్యత ఉంది, సన్నిధి సరేసరి: అడిగే మనిషీ చెప్పే యంత్రమూ ఒకే బల్ల దగ్గర ఉన్నారు. ఇందులో ఇంటర్నెట్టు ఊసే లేదు. అయినా 2023 ఆగస్టులో వచ్చిన 1.21 కూర్పు మొదలు, ప్రాజెక్టు ఫోల్డరులోని గో.మాడ్ ఫైలు ఇంకా కొత్త కూర్పును కోరుతుంటే, ఈ ప్రశ్నకు జవాబుకన్నా ముందు ‘డౌన్‌లోడింగ్’ అనే వరస పడుతుంది. పేరేమిటని అడిగితే సంతకు పోయి కొత్త పేరు కొనుక్కొచ్చి చెప్పినట్టు. పైగా తెచ్చేది మొత్తం కంపైలరు. లినక్సుకైతే 60 మెగాబైట్ల పైచిలుకు.

తాత్పర్యము: లోటు పూరించే హక్కు వ్యాఖ్యాతకూ ఉంది. కాని కొలాచల మల్లినాథసూరి అంతటివాడు మూలాధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి కలం పట్టాడు. నా పేచీ తేవడంతో కాదు, అడక్కుండా పోవడంతో. గో.మాడ్‌లో ఆ సంఖ్య ఉండటమే అనుమతి కదా అంటాడు పూర్వపక్షి. 1.21కి ముందు ఆ సంఖ్య సలహా మాత్రమే. పాత పనిముట్టు ఉన్నదానితోనే ప్రయత్నించేది. పైగా ఎవరిదో కోడు దించుకున్నవాడు ఆ వరస రాయనే లేదు. సరే, వచ్చినది అసలుదేనని చెక్‌సమ్ తేలుస్తుంది కదా? తేలుస్తుంది, మంచి ఏర్పాటే. కాని లోపలికి వచ్చింది శుద్ధమా అన్నది ఒక ప్రశ్న, బయటికి ఏం పోయిందన్నది మరొకటి. 2019 సెప్టెంబరు నాటి 1.13 నుంచి, మనం వేరే చెప్పకపోతే, మాడ్యూళ్ల కోసం మొదట అడిగేది గూగుల్ ప్రాక్సీనే. గోప్రైవేట్ అనే సెట్టింగు పెట్టడం మరిస్తే ఆఫీసు సొంత మాడ్యూలు పేరూ అక్కడికి చేరుతుంది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరసల ముక్కను రచయిత జావాస్క్రిప్టు ప్యాకేజీల భాండారం ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే లోకమంతా బిల్డులు కూలాయి గనుక, నకలు దాచే ప్రాక్సీ మేలే. మేలు చేసేవాడు అడగనక్కర్లేదన్న న్యాయం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఈ రోజుల్లో నెట్టు లేనిదెవరికి అనేవాడు చివరివాడు. చెవిటికల్లులో ఫోను హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ నడిపే బీటెక్ కుర్రాణ్ణి అనుకోండి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు, సాయంత్రానికి సగం రీల్స్‌కే చెల్లు. ఆ మిగిలినదాంట్లోంచి 60 మెగాబైట్లు తీసుకునేవాడు ఒక్క మాట అడిగితే సొమ్మేం పోయింది? అదే కుర్రాడు నందిగామ వైపు కాలేజీలో నెట్టు కట్టేసిన ల్యాబులో కూర్చుంటే ఇంకా వింత: ప్రాక్సీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, కూర్పు సంఖ్య రాదు. డిస్కులో నిక్షేపంలా ఉన్న పనిముట్టు తన పేరు తాను చెప్పలేదు.

పాఠాంతరము: ‘గోటూల్‌చైన్=లోకల్ గో వెర్షన్’ అని కొందరు. ఇలా చదివితే గడప దాటకుండా ఉన్న సంఖ్య ఉన్నట్టు చెబుతుంది. డాకర్‌లో దొరికే అధికారిక గో ఇమేజీలవారిదీ ఈ పాఠమే. ఇదే గ్రాహ్యము.