మరక

కాలిఫోర్నియాలో ఓ చిన్న విమానాశ్రయం. కంట్రోల్ టవర్ లేదు. అమెరికాలో చిన్న విమానాశ్రయాలకు చాలామటుకు ఉండదు. "ఫలానా విమానం, ఫలానా చోట ఉన్నాను, దిగబోతున్నాను" అని పైలట్లే ఒకే ఫ్రీక్వెన్సీలో చెప్పుకుంటారు. ఎవరికి వారే చూసుకుని తప్పుకుంటారు. ఇలాంటి చోట్ల చాలావాటిలో రేడియో ఉండి తీరాలన్న నియమం కూడా లేదు.

విజయవాడ నుంచి పైలట్ కోర్సుకు వెళ్ళిన కుర్రాడికి అదృష్టంకొద్దీ తెలుగు మాస్టారే దొరికారు. ఆయనకు విమానం అద్దం పట్టింపు. ఎక్కే ముందు అద్దానికి అంటుకున్న పురుగుల మరకలన్నీ తుడవాలి. కుర్రాడు తుడిచాక, గుడ్డ అందుకుని ఆయనే మళ్ళీ తుడిచేవారు.

"రేడియో ఉందిగా మాస్టారూ, ఈ తుడుపంతా ఎందుకు?"

"వాట్సన్‌విల్‌లోనూ ఉంది" అన్నారాయన.

2022 ఆగస్టు 18న, ఈ కాలిఫోర్నియాలోనే, టవర్ లేని ఆ వాట్సన్‌విల్‌లోనే, పట్టపగలు ఆ ప్రమాదం జరిగింది. చుట్టు తిరిగి రన్‌వే వైపు మళ్ళిన సెస్నా 152 వెనక, రెండింజన్ల సెస్నా 340 నేరుగా దిగడానికి వస్తోంది. దాని వేగం దాదాపు 180 నాట్లు, ముందున్నదానికి రెండింతలకు పైనే. ఇద్దరూ రేడియోలో మాట్లాడారు. మరీ వేగంగా మీదికొచ్చేస్తున్నావు, నేను దిగకుండా వెళ్ళిపోతానని చిన్న విమానం పైలట్ చెప్పాడు కూడా. అయినా రెండూ ఢీకొన్నాయి. ముగ్గురు పోయారు. వెనకనుంచి వచ్చిన పైలట్ ముందున్న విమానాన్ని చూసి తప్పుకోకపోవడమే కారణమని దర్యాప్తులో తేలింది.

"విన్నంత మాత్రాన చూసినట్టు కాదురా. అద్దంలో పక్కకు జరిగే విమానం ఎటో పోయేది. ఉన్నచోటే ఉండి పెద్దదయ్యేదే మన మీదికొచ్చేది. కంటపడ్డాక పోల్చుకుని, తప్పుకునేసరికి 12.5 సెకన్లు పడుతుందని లెక్క."

కుర్రాడు తలూపాడు. అదంతా అతనికి కంఠతా వచ్చు. రాతపరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబే పెట్టాడు.

ఆ రోజు రన్‌వేకు సమాంతరంగా, వెయ్యి అడుగుల ఎత్తున వెళుతున్నారు. కుర్రాడు తామెక్కడున్నదీ రేడియోలో చెప్పాడు. జవాబు లేదు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. మాస్టారు కుడి కిటికీలోంచి వెతుకుతున్నారు. అప్పుడు కనబడింది, ఎదుటి అద్దం మీద, సరిగ్గా కళ్ళకెదురుగా, నువ్వుగింజంత నల్లటి చుక్క. తల తిప్పి మళ్ళీ చూశాడు. అక్కడే ఉంది. మాస్టారి తుడుపులో లోపం పట్టుకునే అవకాశం ఇన్నాళ్ళకు దొరికింది.

"మాస్టారూ, ఇవాళ మీరే ఒక మరక వదిలేశారు!" నవ్వుతూ గుడ్డ కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

మాస్టారు అద్దం వైపు చూశారు. మరుక్షణం కంట్రోల్ లాక్కుని విమానాన్ని కుడికి ఒరగదోశారు.

ఎడమ రెక్క పక్కనుంచి ఆ మరక, లోపలున్న ఇద్దరు మనుషులతో సహా, దూసుకుపోయింది.