పైపై తొలిపలుకునకు టీకా తాత్పర్యము

మూలము:
పైథాన్ 2.7.18
[పైపై 7.3.11]
>>>>

అవతారిక: పైథాన్ భాషకు మూల ఇంటర్‌ప్రెటరగు సీపైథాన్‌కు ప్రత్యామ్నాయమైన పైపై అను ఇంటర్‌ప్రెటరు, టెర్మినల్‌లో తన్ను పిలిచినవారితో మొదట పలుకు మాట యిది. తేదీ, కంపైలరు పేరు మున్నగునవి గ్రంథవిస్తరభీతిచే విడిచితిమి.

ప్రతిపదార్థము: పైథాన్ 2.7.18 = నేను మాటాడు భాష; పైపై 7.3.11 = నా సొంత లెక్క; >>>> = ఇక నానతిండు.

టీక: ఒక్కనికి రెండంకెలేల యని శంక. ముందే 7 అని చెప్పినచో, వెర్షన్ 3కు తక్కువా ఎక్కువా యని చూచి దారి ఎంచుకొను లైబ్రరీలు దీనిని పైథాన్ 3గా భ్రమించి తొలి ఇంపోర్టు కడనే బోర్లపడును. కావున భాషాసంఖ్య ముందు, స్వసంఖ్య కుండలీకరణమున. సీపైథాన్ ప్రాంప్టున గుర్తులు మూడే గదా, నాలుగవది అచ్చుతప్పని కొందఱందురు. తగదు. ఎవరి యింట కూర్చున్నామో దానివలననే తెలియును.

విశేషము: ఇంతకును 2.7 ఏల? మూలకారులు 2020 జనవరి 1తో దాని పోషణ చాలించిరి. ఆ ఏప్రిల్‌లో వెలువడిన 2.7.18 కడపటిది. పైపైవారు మాత్రము తామున్నంతకాలము దానిని విడువమనిరి. ఇది పూర్వభాషాభక్తి యనుకొనిన పప్పులో కాలేసినట్లే. పైపై వ్రాయబడినది ఆర్‌పైథాన్‌లో, ఆర్‌పైథాన్ 2.7లోని కట్టుదిట్టమైన యొక భాగము. పునాదిరాతిని పెఱికి అటకెక్కించుట యెట్లు? పైథాన్ 3 పలుకు పైపైని కట్టుటకు సైతము 2.7 కావలసినదే!

పాఠాంతరములు: ఇట్టి ప్రత్యామ్నాయములు మఱికొన్ని గలవు. రూబీ భాషకు ప్రత్యామ్నాయ ఇంటర్‌ప్రెటరగు జేరూబీ 1.7లో రూబీ 1.8, 1.9 ఒక్క దేహమున కాపురముండెడివి. కావలసినదానిని స్విచ్చుతో పిలువవలెను. 2015లో వచ్చిన 9.0 ఆ బహురూపము చాలించి 2.2నే పట్టినది. మా మతమున నిదియే మేలు. రెండు వెర్షన్లు మోయువాడు ప్రతి బగ్గునకు రెండుమార్లు సంజాయిషీ చెప్పవలె. పైథాన్‌కే మఱొక ప్రత్యామ్నాయమగు ఐరన్‌పైథాన్ 2022లో 3.4ను చేరెను. పాపము, సీపైథాన్‌వారు ఆ 3.4కు 2019లోనే నీళ్లు వదలిరి. అట్టిదే యగు జైథాన్ 2.7 కడనే నిలిచినది, టీక అనవసరము.

తాత్పర్యము: పాత 2.7 కోడు వారసత్వముగా దక్కినవారు పైపైలో నడుపుకొనవచ్చును. అయితే వెర్షన్ కలిసినంతనే నడవడి యంతయు కలియదు. రిఫరెన్సుల లెక్క సున్నా కాగానే సీపైథాన్ ఫైలును మూయును. పైపైలో గార్బేజ్ కలెక్టరునకు తీరికైనప్పుడే. చదువరులారా, ఫైలు తెఱచిన ప్రతిచోట ‘విత్’ వ్రాయుడు.