అడుగు లెక్క: టీకా తాత్పర్య సహితం

అడుగు లెక్క చూచి యడుగేయబోకయ్య
అడిగినపుడు సొమ్ములందవలయు
పెద్ద పనికి బిల్లు పెండింగులోనుండు
చిన్న పనికి డబ్బు చేతనుండు

అవతారిక

మెదక్ దగ్గరి కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదేదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. ఆ నియమం పాటించాలంటే ముందు మూలమంటూ ఒకటి ఉండాలి. టైల్స్ పని మీద ప్రాచీనులు పద్యాలేమీ వదిలిపోలేదు కనుక పై ఆటవెలదిని వ్యాఖ్యాతే కట్టుకోవలసి వచ్చింది. సందర్భం ఇది. హైదరాబాదులో ఒక టైల్స్ మేస్త్రి ముందు రెండు పనులున్నాయి. ఒకటి కూకట్‌పల్లి వైపు రెండు పడకగదుల ఇల్లు, వెయ్యి అడుగులు. రెండోది గచ్చిబౌలి వైపు ఆఫీసు అంతస్తు, పదివేల అడుగులు. వెయ్యి కన్నా పదివేలు పెద్దదని తెలియడానికి పద్యం అక్కర్లేదు. ఆ పెద్ద అంకె చూసే పని పట్టవచ్చా అన్న సందేహం తీర్చడానికే ఈ పద్యం పుట్టింది.

ప్రతిపదార్థం

అడుగు లెక్క = చదరపు అడుగుకు ఇంతని కుదుర్చుకున్న కూలి లెక్కను, చూచి = అదొక్కటే చూసుకుని, అడుగేయబోకు = పని ఒప్పుకోవద్దు, అయ్య = ఓ మేస్త్రీ, అడిగినపుడు = వారం తిరిగి బట్వాడా రోజు వచ్చినప్పుడు, సొమ్ములు అందవలయు = డబ్బు చేతికి రావాలి, పెద్ద పనికి = ఆఫీసు, మాల్, ఆసుపత్రి వంటి చోటికి, బిల్లు పెండింగులోనుండు = రాసిన కాగితం కదలక అక్కడే ఉంటుంది, చిన్న పనికి = సొంత ఇంటి పనికి, డబ్బు చేతనుండు = ఇవ్వాల్సినవాడు ఎదుటే ఉంటాడు కనుక రొక్కం అందుతుంది. ఇందులో ‘అడుగు’ శబ్దం నానార్థకం. కొలత ఒక అర్థం, ముందుకు వేసే పాదం ఇంకొకటి, యాచించమనే విధి మూడోది, కింది భాగం నాలుగోది. మొదటి పాదంలో కొలత, గమనం, రెండో పాదంలో యాచన పైకే వినిపిస్తాయి. నాలుగో అర్థం పద్యంలో కనబడదు. టైలు అడుగున మాలు సరిగా పడిందో లేదో పైకి కనబడనట్టే అది కూడా దాగి ఉంటుంది, దానిని చివర తవ్వి తీస్తాం.

ముందు కొలత సంగతి. అడుగులన్నీ సమానమనుకోవడమే మొదటి పొరపాటు. ఆఫీసు హాల్లో పరిచే రెండడుగులు బై నాలుగడుగుల విట్రిఫైడ్ టైలు ఒక్కటి దింపితే ఎనిమిది అడుగులు పూర్తవుతాయి. బాత్రూం గోడకు అతికించే 12 బై 18 అంగుళాల టైలు ఒక్కటి అడుగున్నర మాత్రమే. ఆ ఎనిమిది అడుగులు గోడ మీద నింపాలంటే అయిదుకు పైగా టైల్స్ కావాలి, వాటిలో ఒకటి కుళాయి దగ్గర, ఇంకొకటి స్విచ్చు పెట్టె దగ్గర కోత పెట్టాలి. కింద నీళ్లు నిలవకుండా వాటం చూడాలి, గోడలు కలిసే ప్రతి మూలకూ మూలమట్టం పెట్టాలి. హాలుకు రసమట్టం ఒకసారి చూస్తే చాలు, దారం పట్టి సాగిపోవచ్చు. అందుకే ఇంటి పనికి రేటు ఎక్కువ, పెద్ద పనికి తక్కువ. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ‘రేటు తగ్గినా అడుగులు ఎక్కువ, మొత్తం మీద పెద్ద పనే లాభం’ అని మేస్త్రులు అనుకునేది ఇక్కడే, పద్యం అడ్డం పడేదీ ఇక్కడే.

రేట్లు ఊరికీ సైజుకూ మారుతుంటాయి, లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇంటికి అడుగుకు 25 రూపాయలు. వెయ్యి అడుగులకు 25,000. మేస్త్రి, రోజుకు 700 తీసుకునే హెల్పరు కలిసి పది రోజుల్లో ముగిస్తే హెల్పరుకు 7,000 పోగా 18,000 మిగులుతుంది, అంటే రోజుకు 1,800. ఆఫీసుకు అడుగుకు 18 రూపాయలు. పదివేల అడుగులకు 1,80,000. తనతోపాటు రోజుకు వెయ్యి తీసుకునే మరో మేస్త్రిని, 700 చొప్పున ఇద్దరు హెల్పర్లను పెట్టుకుని 25 రోజుల్లో ముగిస్తే కూలీలకు 60,000 పోతుంది. మిగిలేది 1,20,000, రోజుకు 4,800. కాగితం మీద పెద్ద పనే గెలిచింది, ఆ గెలుపును వ్యాఖ్యాత కాదనడు. అడిగేది ఒక్కటే, రోజుకు అదనంగా వచ్చిన ఆ 3,000 దేనికి వచ్చింది? తాపీ పట్టిన నేర్పుకు కాదు, నేర్పు రెండు చోట్లా అదే. ముగ్గురి కూలి వారం వారం తన జేబులోంచి ఇచ్చి, బిల్లు వచ్చేదాకా కాచుకున్నందుకు వచ్చింది. మామూలు మాటల్లో దానిని వడ్డీ అంటారు. పెద్ద పని పట్టిన మేస్త్రి టైల్స్ పరుస్తూనే ఆ భవనానికి అప్పు ఇస్తున్నాడు. అప్పు ఇస్తున్నానని తెలిసి ఇచ్చేవాడు వ్యాపారి. తెలియక ఇచ్చేవాడి కోసమే పద్యంలో ‘అయ్య’ అన్న సంబోధన.

‘పెండింగు’ శబ్దం అన్యదేశ్యం. బాకీ అన్న మాట ఉండగా ఇదెందుకంటే, బాకీ కూడా అన్యదేశ్యమే గానీ బాకీపడ్డవాడికి ఒక ముఖం ఉంటుంది. ‘ఫలానా ఆయన బాకీ ఉన్నాడు’ అంటే కర్త మనిషి. ‘బిల్లు పెండింగులో ఉంది’ అంటే కర్త బిల్లు, ఇవ్వాల్సిన మనిషి వాక్యంలోనే లేడు. సైటులో జరిగేది కూడా ఇదే. బిల్డరు కింద మెయిన్ కాంట్రాక్టరు, అతని కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రి. పైవాడికి వచ్చాకే కిందివాడికి. కొలతలు ఇంజనీరు చూడాలి, రన్నింగ్ బిల్లు పాసవ్వాలి. అందులో 5 శాతం రిటెన్షను పట్టుకుంటే 9,000 ఏడాది దాకా రాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 194సి సెక్షనుతో తెచ్చిన ఆచారం ప్రకారం వ్యక్తికిచ్చే కాంట్రాక్టు బిల్లు 30,000 దాటితే 1 శాతం, అంటే ఇక్కడ 1,800, ముందే కోత. పాన్ లేకపోతే కోత 20 శాతం. రిటర్ను వేస్తే తిరిగొచ్చేదే కావచ్చు గానీ బట్వాడా నాటికి రాదు. ఇంటాయన అలా కాదు. ఆయన ఇల్లు ఎక్కడికీ పోదు, గుమ్మం ముందు నిలబడితే ‘మేస్త్రీ, టీ తాగండి’ అంటాడు. అడగడానికి మనిషి ఉండటమే ‘చేతనుండు’ అన్నదానికి అసలు అర్థం.

పూర్వపక్షం, సిద్ధాంతం

ఇంటి పనిలో తలనొప్పి తక్కువా అని పూర్వపక్షం. పరిచిన టైలు రంగు ఇంటావిడకు నచ్చదు, ఈశాన్యం వాటం గురించి వాస్తు సిద్ధాంతి ఒకటి చెబుతాడు, ఆషాఢంలో పనే ఉండదు. నిజమే. కానీ వీటన్నిటికీ ధర కట్టవచ్చు. ‘కటింగు వేరు, మార్పు వస్తే రోజు లెక్క’ అని ముందే చెప్పుకోవచ్చు. ఆలస్యానికి మాత్రం పెద్ద సైటులో ఎవరూ ధర కట్టనివ్వరు. పైగా ఇంటి పనికి గృహప్రవేశ ముహూర్తమనే గడువు ఉంది. ఆ గడువు యజమానిని మేస్త్రి కన్నా ఎక్కువ తొందరపెడుతుంది. ఒక్క జాగ్రత్త చాలు, చివరి వాయిదా పాలు పొంగకముందే పుచ్చుకోవాలి. పాలు పొంగాక బాకీ చల్లారిపోతుంది.

ఇంటివాళ్లు ఎగ్గొట్టరా అని రెండో ఆక్షేపం. ఎగ్గొడతారు. ఒక టైలు డొల్ల మోగిందని చివరి వాయిదా ఆపినవాళ్లు లేకపోలేదు. అయితే మూడు వాయిదాలుగా తీసుకున్నవాడికి పోయేది 8,000 చిల్లర. పెద్ద బిల్లు మునిగితే తన 25 రోజుల కష్టం పోగా, చేతినుంచి పెట్టిన 60,000 కూడా పోతుంది. దాన్ని పూడ్చుకోవడానికి ఇంటి పనులు 33 రోజులకు పైగా చేయాలి. 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం చెబుతోంది కదా అంటే, దానికి ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి, పనుల ఒప్పందాలకు అది వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లోనే వాదాలు నడిచాయి. నోటిమాట మీద నడిచే మేస్త్రి, రేపటి పని కూడా ఇవ్వాల్సినవాడి మీద చట్టం తీసుకెళ్లి ఎక్కడ నిలబడతాడు?

పెద్ద పనులు మానేస్తే ఎదుగుదల ఎలా అన్నది చివరి ఆక్షేపం, అన్నిటికన్నా బలమైనదీ ఇదే. పద్యం పెద్ద పని వద్దనలేదు, అడుగు లెక్క ‘చూచి’ వెళ్లవద్దంది. చూడాల్సిన లెక్క బట్వాడాలది. బిల్లు రూపాయి కూడా రాకపోయినా ఎన్ని వారాల బట్వాడా చేతిలోంచి ఇవ్వగలవో, అంతవరకే నీ పెద్ద పని. నాలుగు వారాలు ఇవ్వగలిగితే నాలుగు వారాల పని పట్టు. ఇంటి పనుల్లో మిగిలింది కూడబెట్టి ఎనిమిది వారాలకు ఎదుగు. అప్పటికి నువ్వు అప్పు ఇవ్వగలవాడివి, తెలిసే ఇస్తావు.

తాత్పర్యం

చదరపు అడుగుల సంఖ్యను బట్టి కాక, అడిగినప్పుడు డబ్బు ఇచ్చే మనిషి ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి పని ఎంచుకోవాలి. మొదట దాచిపెట్టిన నాలుగో అర్థం ఇప్పుడు చెప్పాలి. పరిచిన టైలును మేస్త్రి కర్రతో కొట్టి చూస్తాడు, అడుగున మాలు లేకపోతే డొల్ల మోగుతుంది. పని పట్టేముందు బిల్లును కూడా అలాగే కొట్టి, దాని అడుగున ఎవరున్నారో వినాలని భావం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని వారానికోసారి బట్వాడా వేళ చదువుకున్నవారికి కటింగు కూలి విడిగా అందును, చివరి వాయిదా పాలకన్నా ముందే పొంగును. రిటెన్షను మాత్రం ఏ పద్యానికీ కదలదు.